మంచు కప్పిన ఉత్తర నదిలో ఆక్సిజన్ లెక్క: మూసీ మోడల్ అథబాస్కాకి ఎందుకు సరిపోవడం లేదు?

తార్నాక_విద్యార్థిని
అందరికీ నమస్కారం. ఎంటెక్ ఎన్విరాన్‌మెంటల్ చివరి సంవత్సరం. ప్రాజెక్టుకి కెనడాలోని అథబాస్కా నది తీసుకున్నాను. రాకీ పర్వతాల్లో కొలంబియా మంచుమైదానం దగ్గర పుట్టి, అల్బర్టా మీదుగా 1,231 కిలోమీటర్లు ప్రవహించి అథబాస్కా సరస్సులో కలిసే నది ఇది. దారిలో కాగితపు గుజ్జు మిల్లులున్నాయి. హింటన్ మిల్లు 1957 నుంచి ఉంది, అథబాస్కా పట్టణానికి ఆవల ఉన్న పెద్ద మిల్లు 1993లో మొదలైంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నది చాలా మేర గడ్డకట్టి ఉంటుంది.

మా సీనియర్లు మూసీకి క్వాల్2కె (నది నీటి నాణ్యత లెక్కించే ప్రోగ్రామ్)లో తయారుచేసిన మోడల్ ఉంది. అదే పద్ధతిలో ఈ నది కొలతలు, ప్రవాహం ఇచ్చి, నీటి ఉష్ణోగ్రత సున్నా పెట్టి నడిపాను. డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) పై నుంచి కింది దాకా లీటరుకి 13 మిల్లీగ్రాముల పైనే వస్తోంది. కానీ అక్కడ చలికాలంలో కొలిచిన అంకెలు చూస్తే, దిగువకి పోయేకొద్దీ తగ్గుతూ పోతున్నాయి. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, బ్యాక్టీరియా మందగిస్తుంది అని చదువుకున్నాం. ఆ రెండూ కలిస్తే చలికాలమే నదికి మంచి కాలం కావాలి కదా. తేడా ఎక్కడొస్తోంది?

పాత_ఇంజినీర్ (మల్కాజిగిరి)
అమ్మా, రీఏరేషన్, అంటే గాలి నుంచి నీటిలోకి ఆక్సిజన్ చేరడం, ఏ సూత్రంతో పెట్టావు?

తార్నాక_విద్యార్థిని
ఓకానర్-డాబిన్స్ సార్. మూసీకి కూడా అదే వాడారు.

పాత_ఇంజినీర్ (మల్కాజిగిరి)
సమస్య అక్కడే ఉంది. ఆ సూత్రానికి నీటి వేగం, లోతు తప్ప ఇంకేమీ తెలియదు. పైన మంచు ఉందా లేదా అన్నది దానికి చెప్పే దారి లేదు. కాగితం మీద చేసి చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకే, అథబాస్కా కొలతలు అనుకోవద్దు.

వేగం సెకనుకు 0.3 మీటరు, లోతు 1.5 మీటరు అనుకో. ఓకానర్-డాబిన్స్ ప్రకారం 20 డిగ్రీల దగ్గర రీఏరేషన్ రేటు రోజుకి 1.17 వస్తుంది. సున్నా డిగ్రీలకి దించితే 0.73. నది అడుగున బురద రోజుకి చదరపు మీటరుకి 0.2 గ్రాముల ఆక్సిజన్ తాగుతోందనుకుంటే, 1.5 మీటర్ల లోతులో అది లీటరుకి 0.13 మిల్లీగ్రాము. నీళ్లలో అంతిమ బీఓడీ (మలినం పూర్తిగా అరిగేదాకా సూక్ష్మజీవులు తాగే మొత్తం ఆక్సిజన్) 2 మిల్లీగ్రాములు, దాని రేటు 20 డిగ్రీల దగ్గర 0.1 అనుకుంటే సున్నా దగ్గర 0.04. అంటే రోజుకి మరో 0.08 ఖర్చు. మొత్తం ఖర్చు 0.21. దీన్ని 0.73తో భాగిస్తే లోటు 0.3 కూడా రాదు. నీ మోడల్ 13 పైన ఎందుకు చూపిస్తోందో దీన్నిబట్టి తెలుస్తుంది. గాలి నుంచి ఆక్సిజన్ ధారాళంగా వస్తోందని అది నమ్ముతోంది.

ఇప్పుడు గిన్నె మీద మూత పెట్టినట్టు మంచు పెట్టు. రీఏరేషన్ సున్నా. సెకనుకు 0.3 మీటరంటే రోజుకి 26 కిలోమీటర్లు. 650 కిలోమీటర్లు పోవడానికి 25 రోజులు. ఆ 25 రోజుల్లో బురద 3.3 తాగేస్తుంది, బీఓడీ 1.3 తాగేస్తుంది. 12తో బయల్దేరిన నీళ్లు 7.4తో చేరతాయి. బ్యాక్టీరియా మందగించిన మాట నిజమే, కానీ ఖర్చు నెమ్మదించినా జమ పూర్తిగా ఆగిపోయింది.

స్ట్రీటర్, ఫెల్ప్స్ 1925లో ఒహాయో నది కోసం రాసిన సమీకరణంలో ఈ రెండు వైపులా ఉన్నాయి: ఖర్చు ఒక పదం, గాలి నుంచి జమ ఒక పదం. తరవాత వచ్చిన నది మోడళ్లలో చాలావాటికి మూలం అదే. మంచు నదిలో రెండో పదాన్ని కొట్టెయ్యాలి. ముందు అది చెయ్యి.

ఇంకో చిన్న విషయం. సున్నా డిగ్రీల దగ్గర సంతృప్త ఆక్సిజన్ 14.6 అని పుస్తకంలో ఉండేది సముద్రమట్టానికి. అథబాస్కా పట్టణం అయిదొందల మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి 13.7 దగ్గర ఆగుతుంది. మన హైదరాబాదూ దాదాపు అంతే ఎత్తు. మూసీకి వేసవిలో 30 డిగ్రీల దగ్గర 7.6 అని రాస్తుంటారు, ఇక్కడ అది 7.1కి మించదు.

తార్నాక_విద్యార్థిని
థాంక్యూ సార్. క్వాల్2కెలో రీచ్ (నదిని విడగొట్టిన ముక్క) వారీగా రీఏరేషన్ మనమే ఇవ్వొచ్చు కాబట్టి రేపే పెట్టి చూస్తాను. మరి అంతా సున్నా పెట్టేస్తే సరిపోతుందా?

ఎడ్మంటన్_తెలుగు
సరిపోదు చెల్లీ. నేను రామంతపూర్‌లో పెరిగాను, ఇప్పుడు ఎడ్మంటన్‌లో నీటి నాణ్యత పనిలోనే ఉన్నాను. నువ్వు తీసుకున్న నది మా ఉద్యోగాల్లో ప్రతి చలికాలం ఎదురయ్యేదే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

నది అంతా ఒకేలా గడ్డకట్టదు. మిల్లుల నుంచి వచ్చే వ్యర్థజలం వెచ్చగా ఉంటుంది, దాని దిగువన కొంత దూరం నీళ్లు తెరుచుకునే ఉంటాయి. వడి ఎక్కువున్న చోట్ల కూడా అంతే. ఆ తెరిచిన జాగాల్లోంచే నది ఊపిరి తీసుకుంటుంది. ఫోర్ట్ మెక్‌మరీకి ఎగువన గ్రాండ్ ర్యాపిడ్స్ అని ఒక జలపాతాల వరస ఉంది. అక్కడ నీళ్లు రాళ్ల మీద పడి విరుగుతాయి కాబట్టి ఆక్సిజన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. అందుకే చలికాలపు గ్రాఫు గీస్తే, దిగువకి పోయేకొద్దీ దిగుతూ వచ్చి గ్రాండ్ ర్యాపిడ్స్‌కి కాస్త ఎగువన అడుగు తాకి, దాన్ని దాటాక మెట్టులా పైకి లేస్తుంది. నీ మోడల్ ఆ మెట్టు చూపించకపోతే సుదూర దిగువ అంకెలు నమ్మొద్దు.

రెండోది, వేగం. మంచు కప్పాక నీటికి కింద నేలా, పైన మంచూ రెండూ ఒరుసుకుంటాయి. తడిసే చుట్టుకొలత ఇంచుమించు రెట్టింపవుతుంది, హైడ్రాలిక్ రేడియస్ (అడ్డకోత వైశాల్యాన్ని ఆ చుట్టుకొలతతో భాగిస్తే వచ్చేది) సగమవుతుంది. వెడల్పాటి నదిలో మంచు అడుగు గరుకుదనం, నేల గరుకుదనం ఒకటే అనుకుని, నీటి వేగం లెక్కించే మ్యానింగ్ సూత్రంలో పెట్టి చూడు. అదే ప్రవాహానికి లోతు 1.3 రెట్లు అవుతుంది, వేగం ముప్పాతికకి పడిపోతుంది. అంటే సార్ చెప్పిన 25 రోజుల ప్రయాణం మంచు లేకపోతే 19 రోజులే. ఆరు రోజులు అదనంగా బురద ఆక్సిజన్ తాగుతుంది. మంచును రీఏరేషన్‌లో మాత్రమే పెట్టి హైడ్రాలిక్స్‌లో వదిలేస్తే సగం పనే అవుతుంది.

ఇక్కడ 1991 నుంచి 1996 వరకు నార్తర్న్ రివర్ బేసిన్స్ స్టడీ అని ఒక పెద్ద అధ్యయనం జరిగింది. కెనడా కేంద్ర ప్రభుత్వం, అల్బర్టా, నార్త్‌వెస్ట్ టెరిటరీస్ కలిసి పీస్, అథబాస్కా, స్లేవ్ నదుల మీద చేయించాయి. మంచు కింద ఆక్సిజన్ అందులో ఒక ముఖ్యమైన ప్రశ్న. నువ్వు తప్పకుండా చదవాలి. పీస్ నదితో పోల్చి చూస్తే నీకు ఇంకా బాగా అర్థమవుతుంది. దాని మీద 1968లో పూర్తయిన బెన్నెట్ డ్యామ్ ఉంది. చలికాలంలో కరెంటు అవసరం ఎక్కువ కాబట్టి నీళ్లు ఎక్కువ వదులుతారు, ఆ నీళ్లు జలాశయం లోతుల్లోంచి సున్నా కన్నా కాస్త వెచ్చగా వస్తాయి, డ్యామ్ దిగువన చాలా దూరం మంచే పట్టదు. పక్క నదే అయినా ఆక్సిజన్ కథ వేరు.

మూసీ_ఒడ్డు (చాదర్‌ఘాట్)
నేను ఇంజినీర్ని కాదు, మూసీ పక్కన ఉండేటోణ్ణి. మీరంతా చదువుకున్నవాళ్లు, ఒక్క మాట అడుగుతా. మా ఇంటి ముందర నది ఇట్ల కంపు కొడుతుంటే, ఇక్కడి పిల్లలు కెనడా నది మీద ప్రాజెక్టు చెయ్యడం ఎందుకు? ఆ అమ్మాయిని తప్పు పట్టడం లేదు, నిజంగా తెలుసుకుందామని.

పాత_ఇంజినీర్ (మల్కాజిగిరి)
అడగాల్సిన ప్రశ్నే తమ్ముడూ. రెండు కారణాలు చెబుతాను. మొదటిది డేటా. నది పొడవునా, ఏళ్ల తరబడి, ఒకే పద్ధతిలో కొలిచిన అంకెలు అక్కడ ఎవరైనా దించుకునేలా ఉన్నాయి. మోడల్ సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడం నేర్చుకోవాలంటే అలాంటి నది కావాలి.

రెండోది నీ ఇంటి ముందే ఉంది. మూసీ మీద గుర్రపు డెక్క పరుచుకున్న చోటు చూసే ఉంటావు. అది దట్టంగా కమ్ముకుంటే గాలికీ నీటికీ మధ్య అడ్డం పడుతుంది, వెలుతురూ దిగదు. మోడల్‌లో దాన్ని ఎలా రాయాలి? నీటి ఉపరితలంలో ఎంత భాగం తెరిచి ఉందో అంతమేరకే రీఏరేషన్ ఇవ్వాలి. ఈ అమ్మాయి మంచుకి నేర్చుకుంటున్నదీ అదే లెక్క. అలాగే దిగువన నల్లగొండ వైపు మూసీ మీద వరసగా కత్వలు (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు) ఉన్నాయి కదా, నీళ్లు కత్వ మీంచి దూకినప్పుడు ఆక్సిజన్ పెరుగుతుంది. గ్రాండ్ ర్యాపిడ్స్ దగ్గర జరిగేది అదే. మూసీ లెక్కల్లో ఈ రెండూ సరిగ్గా పెట్టినవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు. ఈ అమ్మాయి రేపు ఇక్కడే పనిచేస్తుంది, అప్పుడు పెడుతుంది.

మూసీ_ఒడ్డు (చాదర్‌ఘాట్)
అర్థమైంది సార్. డెక్క సంగతి నిజం, అది ఉన్నకాడ నీళ్లు మరీ నల్లగ ఉంటయి. చదువుతుంటా, మీరు కానివ్వండి.

నాచారం_ల్యాబ్
బీఓడీ ఇన్‌పుట్ గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నా. తార్నాక అమ్మాయీ, మిల్లుల బీఓడీ ఎక్కడి నుంచి తీసుకున్నావు? అయిదు రోజుల అంకెనే మోడల్‌లో పెట్టావా?

తార్నాక_విద్యార్థిని
అవును మేడమ్, అయిదు రోజుల బీఓడీని 1.46తో గుణించి అంతిమ బీఓడీ చేశాను. మూసీకి అలాగే చేశారు.

నాచారం_ల్యాబ్
ఆ 1.46 ఇళ్ల మురుగుకి. రోజుకి 0.23 రేటు అనుకుంటే అయిదు రోజుల్లో 68 శాతం ఖర్చవుతుంది, అందుకని 1.46. గుజ్జు మిల్లు నీళ్లు శుద్ధి అయ్యాక మిగిలేది కలపలోంచి వచ్చిన మొండి పదార్థం. తేలిగ్గా అరిగేదాన్ని మిల్లులోని చెరువుల్లోనే సూక్ష్మజీవులు తినేసి ఉంటాయి. మిగిలినదాని రేటు 0.05 అనుకో, అయిదు రోజుల్లో 22 శాతమే బయటపడుతుంది. అప్పుడు గుణకం 4.5 అవుతుంది! మన దగ్గర అయితే ఇంకో చిక్కు: ఇక్కడి ప్రమాణం ప్రకారం 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు, అక్కడ 20 డిగ్రీల దగ్గర అయిదు రోజులు. ఇళ్ల మురుగుకి రెండూ దగ్గరగానే వస్తాయి, మిల్లు నీటికి ఆ భరోసా లేదు.

మంచు నదికి కావలసింది దీర్ఘకాలిక బీఓడీ. నెలల తరబడి సీసాల్లో ఉంచి, మధ్యమధ్యలో ఆక్సిజన్ కొలుస్తూ, వంపు గీసి రేటునీ అంతిమ విలువనీ విడివిడిగా తీయాలి. నది 25 రోజులు ప్రయాణం చేస్తుంటే అయిదు రోజుల సీసా ఏం చెబుతుంది?

ఉష్ణోగ్రత సవరణ విషయంలో కూడా జాగ్రత్త. బీఓడీకి 1.047 అనే గుణకం అలవాటుగా వాడేస్తాం. అది మామూలు ఉష్ణోగ్రతల మధ్య తీసిన సంఖ్య, దాన్ని సున్నా దాకా లాగడం పెద్ద సాహసం. అడుగు బురదకి 1.065 వాడితే 20 డిగ్రీల విలువలో 28 శాతం మిగులుతుంది, 1.047 వాడితే 40 శాతం. ఆ తేడా ఒక్కటే నీ ఫలితాన్ని తిప్పేస్తుంది. వీలైతే మంచు కింద నిజంగా కొలిచిన బురద విలువలనే వాడు, 20 డిగ్రీల నుంచి దించిన విలువలు వద్దు.

లూప్_లెక్క (గచ్చిబౌలి)
నాకో సందేహం. ఇన్ని తెలియని విలువలున్నప్పుడు ఒక్కోదాని గురించి ఇంత కొట్టుకోవడం ఎందుకు? బురద రేటు, బీఓడీ రేటు, తెరిచిన భాగం, మూడింటికీ పరిధులిచ్చి కొన్ని వేల సార్లు రన్ చేస్తే కొలిచిన డీఓకి దగ్గరగా వచ్చే కాంబినేషన్ దొరుకుతుంది. కాలిబ్రేషన్ అంటే అదే కదా. నేను పైథాన్‌లో రాసిస్తాను, ఒక్క రాత్రిలో అయిపోతుంది.

ఎడ్మంటన్_తెలుగు
తమ్ముడూ, దొరుకుతుంది. సమస్య ఏమిటంటే ఒకటి కాదు, వందలు దొరుకుతాయి. పైన సార్ ఇచ్చిన అంకెలతోనే చూపిస్తాను.

బురద రేటు 0.2, తెరిచిన భాగం ఒక శాతం పెట్టు. రీఏరేషన్ 0.73లో ఒక శాతం అంటే 0.0073. 25 రోజుల తరవాత డీఓ 8.1 వస్తుంది. ఇప్పుడు బురద రేటు 0.38 చేసి తెరిచిన భాగం అయిదు శాతం చెయ్యి. మళ్లీ దాదాపు 8.1 వస్తుంది. దిగువ స్టేషన్‌లో కొలిచింది 8.1 అయితే రెండూ సరైన మోడళ్లే అవుతాయి. ఇప్పుడు అసలు ప్రశ్న అడుగు: మిల్లులు తమ బీఓడీని సగానికి తగ్గిస్తే నదికి ఎంత లాభం? మొదటి మోడల్ 0.6 పెరుగుతుందంటుంది, రెండోది 0.4 అంటుంది. ఉదాహరణలోనే ఇంత తేడా. అనుమతి ఇవ్వాలా వద్దా, ఎంత శుద్ధి చేయించాలి అని తేల్చేవాళ్ల ముందు ఈ రెండింట్లో ఏది పెడతావు?

ఇక్కడ జలచరాల కోసం కెనడా మార్గదర్శకాల్లో చల్లటి నీటికి రెండు గీతలున్నాయి: చేపల తొలి దశలకి 9.5, మిగతా దశలకి 6.5. బర్బాట్ అనే చేప నడి చలికాలంలో మంచు కిందే గుడ్లు పెడుతుంది. బుల్ ట్రౌట్ లాంటివి శరదృతువులో పెట్టిన గుడ్లు చలికాలమంతా గులకరాళ్ల మధ్య ఉంటాయి. ఆ గుడ్లకి ఆక్సిజన్ కావలసిన నెలలూ, నదిలో ఆక్సిజన్ అడుగంటే నెలలూ ఒకటే. 0.2 తేడా అంటే చిన్నదిగా కనిపిస్తుంది, కానీ గీత పక్కన నిలబడ్డప్పుడు చిన్నది కాదు.

అందుకే కొలవగలిగినవి కొలవాలి, కొలవలేనివి మాత్రమే ట్యూన్ చేయాలి అని నేను గట్టిగా నమ్ముతాను. మంచు నదుల్లో దీన్ని వదిలేస్తే మోడల్ ఎవరికి కావలసిన జవాబు వాళ్లకి ఇస్తుంది.

లూప్_లెక్క (గచ్చిబౌలి)
ఒప్పుకోను పూర్తిగా. సరిపోయిన కాంబినేషన్లన్నీ ఉంచుకుని, జవాబుని ఒక అంకెగా కాకుండా 0.4 నుంచి 0.6 అని పరిధిగా చెప్పొచ్చు కదా. అనిశ్చితిని దాచకుండా చూపించడం ట్యూనింగ్ కన్నా నిజాయితీ.

ఎడ్మంటన్_తెలుగు
ఆ మాట ఒప్పుకుంటాను. అలా చెయ్యి, చేసి తీరాలి కూడా. కానీ పరిధి వెడల్పు తగ్గించేది రన్‌ల సంఖ్య కాదు. తెరిచిన భాగం ఒక శాతమా అయిదు శాతమా అన్నది ఎవరో ఒకరు చూసి చెప్పాలి.

పై_చూపు (బాలానగర్)
అది మా పని. నేను రిమోట్ సెన్సింగ్ వైపు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో పిక్సెల్ 10 మీటర్లు, ఉచితంగా దొరుకుతాయి, 2015 నుంచి ఉన్నాయి. మంచు తెల్లగా, తెరిచిన నీరు నల్లగా ఉంటుంది కాబట్టి విడదీయడం తేలికే. ఇబ్బందులు చెబుతాను. ఆ అక్షాంశాల్లో డిసెంబరు, జనవరిల్లో సూర్యుడు చాలా కిందుంటాడు, గట్ల నీడలు నది మీద పడి నీళ్లలాగే నల్లగా కనిపిస్తాయి. మబ్బులు సరేసరి. సన్నటి తెరిచిన పాయలు, 10 మీటర్ల లోపువి, పక్క మంచుతో కలిసిపోయి బూడిద రంగు పిక్సెల్ అవుతాయి. వాటిని వదిలేస్తే తెరిచిన భాగం తక్కువగా వస్తుంది.

సెంటినెల్-1 రాడార్ చీకట్లో, మబ్బుల్లో కూడా చూస్తుంది. కాకపోతే నునుపైన మంచు, నిశ్చలమైన నీళ్లు రాడార్‌కి ఒకేలా కనిపించే సందర్భాలుంటాయి. రెండూ కలిపి వాడితే మంచిది. ఫిబ్రవరి, మార్చి చిత్రాలతో మొదలుపెట్టు, వెలుతురు బాగుంటుంది. రీచ్ వారీగా తెరిచిన శాతం తీసి ఇవ్వడానికి నేను సాయం చేస్తాను.

తార్నాక_విద్యార్థిని
అన్నా, తప్పకుండా మెసేజ్ పెడతాను. చాలా థ్యాంక్స్.

లూప్_లెక్క (గచ్చిబౌలి)
అలా అయితే తెరిచిన భాగానికి చిత్రాల నుంచి పరిధి తీసుకుంటాను, మిగతావాటికే వేల రన్‌లు. ఇది బాగుంది.

నాచారం_ల్యాబ్
ఒక పక్కమాట. అందరూ డీఓ దగ్గరే ఆగారు. చలి మిగతావాటినీ మారుస్తుంది. సున్నా దగ్గర నైట్రిఫికేషన్ (బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చడం) దాదాపు ఆగిపోతుంది, అమ్మోనియా అలాగే దిగువకి పోతుంది. అయితే విషం చూపించే అమ్మోనియా వాటా చలిలో తక్కువ: పీహెచ్ 8 దగ్గర 30 డిగ్రీల నీటిలో 7 శాతం పైన ఉంటే, సున్నా దగ్గర ఒక శాతం లోపే. మురుగు నుంచి వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా మాత్రం చల్లటి చీకటి నీళ్లలో ఎక్కువ కాలం బతుకుతుంది. మంచుకు రంధ్రం చేసి తాగునీళ్లు తీసుకునే ఊళ్లకి అది ముఖ్యం. మూసీ మోడల్‌లోని చావు రేటు అక్కడ పెట్టకూడదు.

ఇంకోటి, మంచు కింద శాంపిల్ తీయడం. రంధ్రం చేస్తున్నప్పుడు ఐసు ముక్కలు, గాలి బుడగలు నీళ్లలో కలుస్తాయి, పైన తీసిన శాంపిల్‌లో ఆక్సిజన్ ఎక్కువ చూపిస్తుంది. ముక్కలు తోడేసి, ఆగి, లోతు నుంచి బుడగ రాకుండా తీయాలి. పాత డేటా వాడేటప్పుడు ఎలా తీశారో చదివి వాడు.

ఎడ్మంటన్_తెలుగు
మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు. దానికి ఒకటి కలుపుతాను: రంధ్రం ఒక్కటే చేస్తే చాలదు. మిల్లు నీళ్లు ఒక గట్టు పట్టుకుని పదుల కిలోమీటర్లు అలాగే పోతాయి, మంచు కింద అడ్డంగా కలవడం ఇంకా నెమ్మది. ఎడమ గట్టు, మధ్య, కుడి గట్టు మూడూ కొలవాలి. క్వాల్2కె నది అడ్డకోతంతా ఒకే విలువ అనుకుంటుంది కాబట్టి మిల్లు కింద మొదటి స్టేషన్‌తో పోల్చి మోడల్ తప్పని తీర్మానించొద్దు.

పాత_ఇంజినీర్ (మల్కాజిగిరి)
నేను సైబీరియా నదుల గురించి కొంత చదివాను. ఓబ్ నదిలో ప్రతి చలికాలం ఆక్సిజన్ పడిపోయి చేపలు పారిపోతాయి. అక్కడివాళ్లు దాన్ని జామోర్ అంటారు. దానికి మిల్లు అక్కర్లేదు. పశ్చిమ సైబీరియా చిత్తడి నేలల నుంచి ఇనుము, కుళ్లిన ఆకుల రసం నిండిన నీళ్లు వచ్చి చేరతాయి. చలికాలంలో పై నుంచి వాన, మంచు కరుగు రెండూ ఉండవు, నదికి ఆధారం ఆ నీళ్లూ భూగర్భజలమూ మాత్రమే. మంచు మూత కింద ఇనుము ఆక్సిజన్‌ని పీల్చేస్తుంది. చేపలు ఊటలున్న ఉపనదుల్లోకో, దిగువన ఓబ్ అఖాతంలోకో వెళ్లిపోతాయి.

దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, ఈ అమ్మాయి మోడల్‌లో పక్కల నుంచి వచ్చే భూగర్భజలానికి ఎంత డీఓ ఇచ్చిందో చూడాలి. మామూలుగా హెడ్‌వాటర్ (నది మొదట్లోని నీళ్ల) విలువే ఇచ్చేస్తారు. భూగర్భజలంలో ఆక్సిజన్ తక్కువుంటే, చలికాలపు చిన్న ప్రవాహంలో దాని వాటా పెద్దది. ఆ లోటు మిల్లు మీద వేస్తే అన్యాయం, మిల్లు లోటు ప్రకృతి మీద వేస్తే ఇంకా పెద్ద అన్యాయం. రెండింటినీ విడదీయడానికే మోడల్.

తార్నాక_విద్యార్థిని
సార్, హెడ్‌వాటర్ విలువే ఉంది. మారుస్తాను. ఓబ్, లేనా, మకెంజీ నదులకి కూడా డేటా దొరుకుతుందా? పోల్చి చూపిస్తే థీసిస్‌కి బలం వస్తుందని.

ఎడ్మంటన్_తెలుగు
దొరుకుతుంది. ఓబ్, యెనిసే, లేనా, కొలిమా, యూకాన్, మకెంజీ, ఈ ఆరు నదుల చివరి భాగంలో 2003 నుంచి ఒకే పద్ధతిలో తీసిన శాంపిళ్లున్నాయి. ఆర్కిటిక్ గ్రేట్ రివర్స్ అబ్జర్వేటరీ పేరుతో వెతుకు. కానీ అవి వేరే ప్రశ్నకి. ఏడాదికి కొద్ది శాంపిళ్లు, నదికి ఒకే చోట. సముద్రంలోకి ఎంత కార్బన్, ఎంత నత్రజని పోతోందో లెక్కించడానికి పనికొస్తాయి. ఆర్కిటిక్ సముద్రం ప్రపంచ సముద్రాల ఘనపరిమాణంలో ఒక శాతమే, దానికి వచ్చే నదుల నీళ్లు మాత్రం ప్రపంచ నదుల ప్రవాహంలో పది శాతం పైన. అందుకే ఆ లెక్కకి అంత విలువ. అక్కడ ప్రవాహానికీ సాంద్రతకీ సంబంధం కట్టి రోజువారీ భారం అంచనా వేస్తారు. నది పొడవునా ఆక్సిజన్ ఎలా మారుతుందన్నది అందులో తేలదు. రెండూ ఒకే థీసిస్‌లో కలపొద్దు.

ఒక హెచ్చరిక కూడా. ఈ నదుల్లో చాలావి ఉత్తరానికి పారతాయి, అంటే ఎగువన ముందు కరుగుతుంది, దిగువన ఇంకా గడ్డకట్టే ఉంటుంది. వచ్చిన మంచుపెళ్లలు అడ్డం పడి నీళ్లు ఎగదన్నుతాయి. 2001లో లేనా నది మీద లెన్స్క్ పట్టణం అలాగే మునిగింది. ఆ కొన్ని రోజుల్లో నది అడుగు గీరుకుపోయి, చలికాలమంతా పేరుకున్న బురద లేచి, ఏడాది భారంలో చాలా భాగం పోతుంది. అప్పుడు మంచు మీద మనిషి నిలబడలేడు, పడవ దిగలేదు. డేటా లేని రోజులే ముఖ్యమైన రోజులు. నీ మోడల్‌ని మార్చి నెలాఖరుకి ఆపెయ్యి, కరుగు కాలంలోకి తీసుకెళ్లొద్దు.

మూసీ_ఒడ్డు (చాదర్‌ఘాట్)
ఒకటి అడగొచ్చా? అక్కడ ఏదైనా ప్రమాదం జరిగి నదిలో ఏదో కలిస్తే, దిగువ ఊళ్లకి ముందే చెప్పగలుగుతరా ఈ మోడళ్లతో? మాకిక్కడ ఎగువన నీళ్లు వదిలితే తెలిసేసరికే ఇంట్లకి వస్తయి.

ఎడ్మంటన్_తెలుగు
చెప్పగలరు అన్నా. 2013 అక్టోబరు 31న ఓబెడ్ గనిలో చెరువు గట్టు తెగి 6,70,000 ఘనపు మీటర్ల బొగ్గు మడ్డినీళ్లు వాగుల మీదుగా ఇదే అథబాస్కాలోకి వచ్చాయి. మడ్డి మబ్బు నది వెంబడి దిగువకి పోతుంటే దాన్ని వెంటాడి కొలిచారు, దిగువ ఊళ్లని నదినీళ్లు తీసుకోవద్దని హెచ్చరించారు. అలాంటప్పుడు రసాయనం సంగతి తరవాత, ఎప్పుడు చేరుతుందన్నదే మొదటి ప్రశ్న. దానికి నీటి వేగం సరిగ్గా తెలిస్తే చాలా మటుకు పని జరుగుతుంది. మంచు కట్టడం మొదలైతే వేగం మారిపోతుందని పైన చెప్పాను కదా, ఆ నెలలో అదే అసలు టెన్షన్.

పాత_ఇంజినీర్ (మల్కాజిగిరి)
తమ్ముడు అడిగినది మూసీకి కూడా చెయ్యదగ్గ పని. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పటి నుంచి చాదర్‌ఘాట్ వంతెనకి ఎంతసేపట్లో వస్తాయో చెప్పడానికి నాణ్యత మోడల్ కూడా అక్కర్లేదు, హైడ్రాలిక్ మోడల్ చాలు. దాని మీద వేరే థ్రెడ్ పెడదాం, నేను రాస్తాను.

తార్నాక_విద్యార్థిని
ఇప్పటిదాకా చెప్పినవన్నీ రాసుకున్నాను. రీఏరేషన్‌కి తెరిచిన శాతం, మంచు కింద లోతు, వేగం మార్పు, గ్రాండ్ ర్యాపిడ్స్ దగ్గర మెట్టు, దీర్ఘకాలిక బీఓడీ, భూగర్భజలానికి విడిగా డీఓ. మా గైడ్ గారితో మాట్లాడాను. క్వాల్2కెలో ప్రవాహం స్థిరంగా ఉండాలి కాబట్టి ఫిబ్రవరికి అది, నెలనెలా మార్పుకి వాస్ప్ (కాలంతో వచ్చే మార్పులని కూడా లెక్కించే మరో ప్రోగ్రామ్) వాడమన్నారు. వాస్ప్‌లో మంచు భాగాన్ని కాలంతో మారే ఇన్‌పుట్‌గా ఇవ్వొచ్చు కదా?

పాత_ఇంజినీర్ (మల్కాజిగిరి)
ఇవ్వొచ్చు. గైడ్ గారు మంచి మాట చెప్పారు.

ఎడ్మంటన్_తెలుగు
వాస్ప్‌లోకి వెళ్తే వెలుతురు కూడా చూసుకో. మంచు మీద హిమం మందంగా ఉన్నన్నాళ్లూ నాచుకి వెలుతురు లేదు, కిరణజన్య సంయోగం సున్నా. మార్చిలో హిమం పలచబడి పగలు పొడుగయ్యాక, మంచు కిందే అడుగు నాచు ఆక్సిజన్ ఇవ్వడం మొదలుపెడుతుంది. గంటగంటకీ కొలిచిన డీఓలో పగలు పెరిగి రాత్రి తగ్గడం కనిపిస్తే అది నాచే. అప్పుడు పెరిగిన ఆక్సిజన్‌ని తెరిచిన భాగం ఖాతాలో వెయ్యొద్దు.

తార్నాక_విద్యార్థిని
సరే అన్నా. చివరగా ఒకటి: ఏ రోజు నుంచి ఏ రోజు దాకా మంచు ఉందని పెట్టాలి? చిత్రాలు 2015 తరవాతే ఉన్నాయి, నా డీఓ డేటా అంతకు ముందుది కూడా ఉంది.

ఎడ్మంటన్_తెలుగు
వాటర్ సర్వే ఆఫ్ కెనడా రోజువారీ ప్రవాహం దించుకున్నావు కదా, ఆ ఫైల్‌లో ప్రవాహం పక్కన ఇంకో కాలమ్ ఉంటుంది. కొన్ని రోజులకి అందులో 'బీ' అక్షరం కనిపిస్తుంది. మంచు ప్రభావం ఉన్న రోజులకి వేసే గుర్తు అది. శరదృతువులో మొదటి 'బీ' నుంచి వసంతంలో చివరి 'బీ' దాకా తీసుకో. స్టేషన్ వారీగా తేదీలు వేరుగా ఉంటాయి, హింటన్‌వి వేరు, ఫోర్ట్ మెక్‌మరీవి వేరు, కాబట్టి రీచ్‌కి దగ్గరున్న స్టేషన్‌దే వాడు. ఇంకో సంగతి, ఆ గుర్తున్న రోజుల ప్రవాహం నేరుగా మట్టం నుంచి లెక్కించింది కాదు, మంచు వల్ల పెరిగిన మట్టాన్ని సవరించి వేసిన అంచనా. లూప్_లెక్క తమ్ముడి రన్‌లలో ప్రవాహానికి కూడా ఒక పరిధి ఇమ్మని చెప్పు.

లూప్_లెక్క (గచ్చిబౌలి)
చూశాను, ఇస్తాను. తార్నాక గారూ, ఫైళ్లు పంపండి.